ఎనిమిదో నంబరు అకౌంటు

ముందే ఒక మాట. నా రాతలో ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. యాభై ఏడేళ్ళు దాటాక, మా ఆయన పోయిన మరుసటి ఏడాది, కూతురి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. ఈ చేతికి సూది అలవాటు, పెన్ను కాదు. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతోంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విసుక్కోకండి. ఇందులో ఆ అమ్మాయి మనసులో ఏమనుకుందో కూడా రాశాను. అది నా ఊహ కాదు, తర్వాత తనే చెప్పింది.

మాది ఆస్పత్రి లాండ్రీ. పదిహేను మెట్లు దిగితే వస్తుంది. కిటికీలు లేవు, గాలి మిషన్లు రెండున్నాయి, వాటిలో ఒకటి ఆరోగ్యంగా ఉంటుంది. ఒక పక్క ఉతికే డ్రమ్ములు, ఇంకో పక్క ఆరబెట్టేవి, మధ్యలో దుప్పట్లు మింగి ఇస్త్రీ చేసి కక్కే పెద్ద రోలరు. చినిగినవి నా దగ్గరికొస్తాయి. నేను కుట్టి మడతల బల్ల మీదికి తోస్తాను. అక్కడ మూటలు కడతారు. మూట కట్టినవాళ్ళు గుమ్మం పక్కనున్న కంప్యూటరు దగ్గరికెళ్ళి తమ నంబరు నొక్కి, మూటలో ఎన్ని గుడ్డలున్నాయో, ఏ వార్డుకో కొట్టాలి. ఆవిరికి పాడవకుండా ఆ కంప్యూటరుకు ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంటుంది. పన్నెండుమందిమి, పన్నెండు నంబర్లు. నాది మూడు.

సోమవారం పొద్దున కంప్యూటర్ల అమ్మాయి దిగి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మెడలో ఎప్పుడూ ఒక వైరు చుట్ట దండలా వేసుకుని తిరుగుతుంది కాబట్టి మేమంతా వైర్లమ్మాయి అంటాం, ఆ పిల్ల కూడా పలుకుతుంది. ఆ అమ్మాయి పని చేస్తుంటే చూడటం నాకిష్టం. కీబోర్డు ముట్టుకునే ముందు వేళ్ళు తుడుచుకుంటుంది, మేం సూది పట్టేముందు తుడుచుకున్నట్టే. బల్ల కిందికి దూరి వైర్లన్నీ వేరుచేసి, ఒక్కోదాన్నీ అరచేతికి చుట్టి, నా దగ్గర మిగిలిన గుడ్డపేలిక అడిగి తీసుకుని కడుతుంది. ఎవరూ చూడని చోట కూడా ముడి అందంగా వేస్తుంది.

"ఏంటమ్మాయ్, మళ్ళీ పాడైందా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. మొత్తం ఆస్పత్రికి కొత్త మెయిళ్ళు, కొత్త అకౌంట్లు. ఎవరి అకౌంటుకి ఏ పేరు పెట్టాలో పద్ధతి రాసి శుక్రవారం ఆఫీసు సారు చేత సంతకం పెట్టించుకోవాలి."

"పేరు పెట్టడానికి పద్ధతేంటి? ఉన్న పేరే పెట్టొచ్చుగా."

"నాలుగొందల ఎనభై మంది పెద్దమ్మా! ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకుంటే సంతలా ఉంటుంది." కాగితం తీసి చూపించింది. డాక్టర్లకీ నర్సులకీ గుమాస్తాలకీ వాళ్ళ పేరు, ఒక చుక్క, ఇంటిపేరు. లాండ్రీ, వంటగది, ఊడ్చేవాళ్ళకు మటుకు విభాగం పేరూ నంబరూ. లాండ్రీ ఒకటి, లాండ్రీ రెండు, అలా పన్నెండు దాకా. సారు అలాగే ఉండాలన్నారట. మావాళ్ళు వస్తుంటారు, పోతుంటారు, ప్రతిసారీ కొత్తది తెరవడం దండగ అని ఆయన లెక్క. ఆ అమ్మాయికి కూడా అందులో తప్పేమీ కనిపించలేదు. కాగితం పొందిగ్గా ఉందనే అనుకుందట.

అంతలో ఆఫీసు ప్యూను మెట్ల మీదనుంచే కేకేశాడు. "ఎనిమిదెవరు?"

"నేనే," అని మూటలు కట్టే పొడుగాటి పిల్ల చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. మా దగ్గర చేరి ఆరు వారాలైంది. మొగుడు నిచ్చెన మీదనుంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు, ఇల్లు ఈ పిల్ల మీదే నడుస్తోంది. ప్యూను చూపించిన చోట సంతకం పెట్టి, కవరు నా చేతికిచ్చింది. "పిన్నీ, చదివి పెట్టవా? నాకు పెద్ద అక్షరాలైతేనే వస్తాయి."

నేను చదవడమంటే అదొక యాత్ర. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే రోలరు దగ్గరున్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మూడు నెలల కిందట పిల్లల వార్డుకు వెళ్ళిన మూటలో కత్తెర వచ్చింది. నర్సు చెయ్యి తెగింది. ఆ మూట కట్టింది లాండ్రీ ఎనిమిది. ఎనిమిదికి ఇది మూడో మెమో. శుక్రవారం పదకొండింటికి ఆఫీసుకు రావాలి. మూడో మెమో అంటే పనిలోంచి తీసేయడమే.

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. ఏడవలేదు. కవరు మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుని మళ్ళీ మూట ముందుకెళ్ళింది.

బల్ల కిందనుంచి వైర్లమ్మాయి తల బయటపెట్టింది. "అక్కా, మీరు చేరి ఎన్నాళ్ళయింది?"

"ఆరు వారాలు."

"కత్తెర సంగతి మూడు నెలల కిందటిది కదా?"

"అనే రాసుందిగా."

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది. "ఎనిమిది నేనే కదమ్మా."

మేమెవ్వరం నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. ఎందుకో చెప్పాలి. మా లాండ్రీలో ఎవరైనా మానేస్తే వాళ్ళ బీరువా, నంబరు కుట్టిన ఏప్రాను, స్టూలు కొత్తగా వచ్చినవాళ్ళవి. దాంతోపాటు పాతావిడ మిగిల్చిన పని కూడా కొత్తావిడదే. నా ముందున్న మూడు వెళ్ళిపోతూ ఒక గోతాం నిండా చిరుగులు వదిలి వెళ్ళింది. నెలరోజులు అవి కుట్టాను. నాకు కోపం రాలేదు. మూడు పని మూడే చెయ్యాలి కదా అనుకున్నాను. అప్పు వచ్చినా, తిట్టు వచ్చినా నంబరుకే. మనుషుల్ని తెచ్చేది కాంట్రాక్టరు, ఆఫీసుకు తెలిసేది నంబర్లే. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది, నేనూ నోరు మూసుకుని నడిచాను.

మా మేస్త్రి కూడా చెడ్డవాడు కాదు. "ఎనిమిదంటే ఎనిమిదేనమ్మా," అన్నాడు వైర్లమ్మాయితో. "బీరువా మటుకు కావాలి, మెమో వద్దంటే ఎలా కుదురుతుంది?"

ఆ అమ్మాయి, "మీ హాజరు పుస్తకం రెండు రోజులు ఇస్తారా?" అని అడిగి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మంగళవారమంతా ఆ అమ్మాయి తన గదిలోంచి కదల్లేదట. కంప్యూటర్లో ఎనిమిదో నంబరు కొట్టిన మూటలన్నీ ఒక పక్క, మేస్త్రి పుస్తకంలో ఎవరు ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఇంకో పక్క పెట్టుకుని, రోజుకు రోజు జత చేసుకుంటూ వచ్చింది. రెండేళ్ళలో ఎనిమిది అనే నంబరులో నలుగురు మనుషులున్నారు. మొదటావిడ కాలంలో ఒక మెమో, రెండో ఆవిడకు ఒకటి, ఇప్పుడొచ్చిన కత్తెరది మూడో ఆవిడది. ముగ్గురూ వెళ్ళిపోయారు. ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు. కాగితం మీద మాత్రం ఒకే మనిషి మూడుసార్లు తప్పు చేసింది. ఆ మనిషి ఎక్కడా లేదు. శిక్ష పడబోయేది మూటలో చెయ్యి తిప్పి, ప్రతి మడతా తడిమి చూసుకునే నాలుగో పిల్లకు.

బుధవారం మళ్ళీ దిగి వచ్చింది. కంప్యూటరు కవరు తీసి ఏదో చూస్తూ, పక్కన గోడకు టేపుతో అంటించిన కాగితం ముందు ఆగిపోయింది. ఆవిరికి అంచులు ముడుచుకుపోయి, గోధుమరంగు తిరిగిన కాగితం.

"ఇది ఎవరు రాశారు పెద్దమ్మా?"

నాకు నవ్వొచ్చింది. "నువ్వే! కొత్తగా వచ్చినప్పుడు అంటించి పోయావు. నేను అక్షరాలు నేర్చుకున్నాక పనిలో మొట్టమొదట చదివింది అదే. నాలుగు రోజులు పట్టింది." చూడకుండా చెప్పగలను. 'పాత మనిషి మానేస్తే అకౌంటు మార్చవద్దు. కొత్త మనిషి అదే నంబరు వాడాలి. పాస్‌వర్డు మారిస్తే చాలు.'

ఆ అమ్మాయి కాగితాన్ని వేలితో తాకింది. అది తను ఇక్కడ చేరిన మొదటి వారం. ఎవరో మానేశారని, కొత్త అకౌంటు కావాలని మేస్త్రి చీటీ పంపాడు. చేతినిండా పని. కొత్త అకౌంటు తెరవాలంటే అరగంట. రెండు నిమిషాల్లో తేలే దారి కనిపించి, దాన్నే నియమం చేసి గోడకంటించింది. బీరువాలూ స్టూళ్ళూ చేతులు మారడం మా పాత అలవాటు. కానీ మెమో ఏ మనిషి మీద పడాలో తేల్చేది కంప్యూటరు. దానికి కూడా మా అలవాటు నేర్పింది తనే.

టేపు గోరుతో లేపి, కాగితం చిరగకుండా తీసి, తన ఫైల్లో పెట్టుకుంది.

ఆ తర్వాత స్టూలు లాక్కుని రోలరు పక్కన కూర్చుంది. "అక్కా, మీ అందరి పేర్లు కావాలి. మనుషుల పేర్లు. అకౌంటు మనిషి వచ్చినప్పుడు పుట్టాలి, మనిషి వెళ్ళినప్పుడు మూతపడాలి. ఇంకొకళ్ళకి వెళ్ళకూడదు. అలా రాసుకొస్తాను."

"సారు ఒప్పుకుంటాడా?" అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

"అది శుక్రవారం సంగతి. ముందు మీ పేరు చెప్పండి."

ఆవిడ పేరు చెప్పింది. "ఇంటిపేరు?" అంటే, "మా ఆయనది వద్దు. మనిషే ఇంటికి రాడు, ఆయన ఇంటిపేరు మాత్రం నా వెంట ఎందుకు? మా నాన్నది రాసుకో," అంది. రోలరు చప్పుడులో కూడా అందరం నవ్వింది వినిపించింది.

డ్రమ్ముల దగ్గరుండే ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. తోడికోడళ్ళు. "మాకిద్దరికీ ఒకటి చాల్లే అమ్మాయ్, నీకు పని తగ్గుతుంది," అన్నారు.

"అదే వద్దంటున్నాను అక్కా! పెద్దావిడకు మధ్యలో వాళ్ళమ్మగారి పేరులో మొదటి అక్షరం పెడతాను."

"అంటే ఆవిడకి మాత్రం ఎక్కువా?" అని చిన్నావిడ మూతి తిప్పింది. చివరికి ఇద్దరికీ చెరో అక్షరం ఇచ్చాక ఊరుకుంది.

మడతలు పెట్టే లావాటావిడ తనకు చిట్టి అనే ఉండాలంది. "ఇంట్లో అంతా అలానే పిలుస్తారు. అసలు పేరు నాకే గుర్తుండదు."

"రేపు పెద్ద డాక్టరుగారికి మెయిల్ వెళితే చిట్టి అని వస్తుంది మరి."

"వస్తే రానీ. జడుసుకుంటాడా ఏంటి?"

ఆ అమ్మాయి ఒక్కళ్ళని కూడా తొందరపెట్టలేదు. చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, సరేనా అని అడిగింది. డాక్టర్ల దగ్గర కూడా ఇంతకన్నా మర్యాదగా ఉండదు. చివరికి ఎనిమిది దగ్గరికి వచ్చింది.

"నాకెందుకమ్మా," అంది ఆ పిల్ల, మూట ముడి బిగిస్తూ. "శుక్రవారం దాకే కదా ఉండేది."

"శుక్రవారం దాకా ఉన్నా పేరుండాలిగా. చెప్పండి."

చెప్పింది. తల ఎత్తకుండానే ఇంటిపేరు కూడా చెప్పింది.

శుక్రవారం ఆ పిల్లకు తోడుగా నేను వెళ్ళాను. మేస్త్రి కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఆఫీసు గది ముందు బల్ల మీద కూర్చున్నాం. తలుపు తీసే ఉంది కాబట్టి లోపల మాటలన్నీ వినపడుతున్నాయి. మాకన్నా ముందే వైర్లమ్మాయి లోపలుంది, మెడలో వైరు లేకుండా. అలా చూడటం అదే మొదటిసారి.

సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కాగితం చదువుతున్నాడు. "ఏంటమ్మా ఇది? నేను చెప్పిందొకటి, నువ్వు రాసిందొకటి. ఒకే పేరున్నవాళ్ళు ఆస్పత్రిలో ఎంతమందున్నారో తెలుసా?"

"ఇరవై రెండు జతలు సార్. అందరినీ విడదీశాను. వెనక పేజీలో ఉంది."

ఆయన పేజీ తిప్పి చూశాడు. "వెళ్ళిపోయినవాళ్ళ అకౌంటు ఎప్పటికీ ఇంకొకరికి ఇవ్వకూడదా? ఎప్పటికీ అంటే?"

"ఎప్పటికీ అంటే ఎప్పటికీ సార్."

"చూడమ్మా, డాక్టర్లంటే సరే, బయటివాళ్ళతో ఉత్తరాలుంటాయి. లాండ్రీ వాళ్ళు రోజుకి నాలుగు నొక్కులు నొక్కుతారు. దానికి కూడా పేరెందుకు?"

"ఆ నాలుగు నొక్కులు చూసే కదా సార్ మెమో ఇచ్చారు."

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. మేస్త్రి పుస్తకం, కంప్యూటరు కాగితాలు పక్కపక్కన పరిచి, ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూపించింది. ఇక్కడ ఒకావిడ చేరింది, ఇక్కడ మానేసింది, ఈ మెమో ఆవిడది. ఇది ఇంకొకావిడది. ఇది మూడో ఆవిడది. ఈవిడ వచ్చింది ఇదిగో, ఈ తేదీన. "ఈవిడ కట్టిన మూటలు నాలుగొందల పదకొండు సార్. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు."

సారు మేస్త్రిని లోపలికి పిలిచాడు. "నిజమేనా?"

మేస్త్రి చేతులు కట్టుకున్నాడు. "నిజమే సార్. ఎనిమిదెవరని అడిగారు, చూపించాను. ఏ ఎనిమిదో మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు."

సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మొండివాడే గానీ కళ్ళ ముందున్నది కాదనేవాడు కాదు. మెమో మీద అడ్డంగా గీత కొట్టాడు. నా పక్కనున్న పిల్ల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు ఒకటి చిట్లింది.

"సరే. ఈ అమ్మాయి మీద ఏమీ లేదు," అన్నాడు సారు. "కానీ నర్సు చెయ్యి తెగిన మాట నిజం. పైవాళ్ళు నన్నడుగుతారు. తప్పు చేసినావిడ ఎక్కడుందో తెలీదు. తప్పు చెయ్యని మనిషిని మూడు నెలలు తిరిగి పట్టుకున్నాం. ఈ గందరగోళం ఎవరివల్ల వచ్చిందని ఫైల్లో రాసి ముయ్యాలి?" అని మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నేల చూశాడు.

అప్పుడు వైర్లమ్మాయి ఫైల్లోంచి ముడుచుకుపోయిన ఆ గోడకాగితం తీసి, చేత్తో సాపు చేసి, సారు ముందు పెట్టింది.

"ఈ రాత నాది సార్. మేస్త్రిగారు కొత్త అకౌంటు కావాలనే చీటీ పంపారు. నేనే వద్దని ఇది అంటించాను. నా పేరు రాయండి."

సారు చదివాడు. మళ్ళీ చదివాడు. "ఎవరూ అడగలేదు కదమ్మా. ఈ కాగితం నువ్వు చూపించకపోతే నాకు తెలిసేది కాదు."

"పేరు ఎవరిదైతే పని వాళ్ళది, తప్పు వాళ్ళది అని ఆ పద్ధతిలో నేనే రాశాను సార్. మొదటి వాక్యమే అది."

"ఇది నీ సర్వీసులో ఉండిపోతుంది. ఈ ఏడాది నీకు పెద్ద పోస్టు రావాల్సి ఉంది."

"తెలుసు సార్."

ఆయన పేర్ల పద్ధతి కాగితం దగ్గరికి లాక్కుని అడుగున సంతకం పెట్టాడు. తర్వాత ఇంకో తెల్ల కాగితం తీసుకున్నాడు.

మెట్లు దిగుతూ మేస్త్రి ఆ అమ్మాయితో, "నువ్వెందుకమ్మా మీద వేసుకున్నావు? నేను పాతవాణ్ణి, ఒక మెమో వస్తే నాకేమవుతుంది?" అన్నాడు.

"మీదైతే మీకే ఇచ్చేదాన్ని బాబాయ్," అంది.

సోమవారానికి కొత్త అకౌంట్లు తెరుచుకున్నాయి. ఆ రోజంతా వైర్లమ్మాయి మా దగ్గరే ఉంది, ఒళ్ళో చిన్న కంప్యూటరు పెట్టుకుని. ఒక్కొక్కరినీ పిలిచి, మొదటిసారి పేరు మమ్మల్నే కొట్టమంది. తను కొడితే క్షణం పట్టదు. అయినా వెనక నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. చిట్టి రెండు వేళ్ళతో ధడధడా కొట్టేసింది. తోడికోడళ్ళు ఒకరి భుజం మీదనుంచి ఒకరు అక్షరాలు చూసి సరిపోల్చుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు నాకు పావుగంట పట్టింది. నా వెనక మూటలు పేరుకుపోయినా ఎవరూ కసరలేదు.

చివర పొడుగాటి పిల్ల వచ్చింది. ఎవరో పాత అలవాటు కొద్దీ "ఎనిమిదీ, కానీవే," అన్నారు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని చూపుడువేలు ఏప్రానుకు తుడుచుకుంది. మొదటి అక్షరం వెతుక్కుని నొక్కింది. రెండోది దొరకలేదు. వైర్లమ్మాయి చూపించకుండా, "కింది వరసలో చూడండి," అంది.

అప్పుడే ఆ అమ్మాయి ఒళ్ళో కంప్యూటరు టింగుమంది. ఉత్తరం. పైన తన పేరు, చుక్క, తన ఇంటిపేరు. నేను పక్కనే ఉన్నాను. నాకు చదవడం ఆలస్యమే గానీ మెమో అన్న రెండక్షరాలు చూడగానే వస్తాయి. ఆ అమ్మాయి పై వరస నుంచి కింది వరస దాకా చదివింది. పెదవులు ఒకసారి బిగుసుకున్నాయి. అడుగున 'అందింది' అని ఉన్న చోట నొక్కింది.

"ఏంటమ్మా?" అంది స్టూలు మీది పిల్ల, తెర మీదనుంచి కళ్ళు తీయకుండా.

"నాకో ఉత్తరం అక్కా."

"మంచి కబురేనా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "చేరాల్సిన మనిషికే చేరింది," అంది. తర్వాత తన కంప్యూటరు మూసి పక్కన పెట్టి, ముందుకు వంగింది. "పేరు అయిపోయింది కదా. ఇప్పుడు చుక్క పెట్టండి. పెట్టి, ఇంటిపేరు కొట్టండి."

నన్ను అందరూ కుట్టుపెద్దమ్మ అంటారు. వయసు అరవై మూడు. ఇప్పుడు ఆస్పత్రి వెనక సందులో, మేడ మీది రెండు గదుల ఇంట్లో, కూతురి దగ్గర ఉంటున్నాను.